మల్లేశం కాకా చూసిన ఎరుపు

గోడాదరా, సూరత్

అక్కకు, నీ చెల్లెలు లావణ్య దండం పెట్టి రాసేది. నువ్వు, బావ, పిల్లలు బాగున్నారా? నీ మోకాలి నొప్పి తగ్గిందా? నేను బాగానే ఉన్నాను, దిగులు పడకు. ఇక్కడ ముసురు వదలడం లేదు. గదిలో బట్టలు ఆరవు. మెస్‌లో పప్పు కూడా తీపే. ఆఫీసులో తెలుగు మాట్లాడే మనిషి ఇప్పుడు లేడు.

బావ ఫొటో స్టూడియోకి ఏ మానిటర్ కొనాలని అడిగావు కదా. ఐపీఎస్ ప్యానెల్, అంటే ఆ రకం తెర ఉన్నదే కొనమను. ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది.

చీరల ప్రింటు డిజైన్లు చేసే మా ఆఫీసులో ఇదివరకు నా పక్క కుర్చీ మల్లేశం కాకాది. సిరిసిల్ల మనిషి. నాకు పని నేర్పింది ఆయనే. నడుం నొప్పి మొదలయ్యాక కూర్చోలేక, కంప్యూటర్ ముందు నిలబడే పని చేసేవాడు. అప్పటి నుంచే ఆయన రంగులు తప్పసాగాయి. ఆ రెంటికీ సంబంధం ఉందని ఎవరికీ తట్టలేదు. తెర మీద ఎరుపు పలచగా ఉందని ముదురు చేసేవాడు. బట్ట మీద అది నల్లబడి వచ్చేది. పెళ్లి చీరల సరుకంతా అలాగే పాడైంది.

"కళ్లు పోయాయి కాకా, ఇక ఇంట్లో కూర్చో" అన్నాడు మా యజమాని సేఠ్.

కాకా ఒప్పేసుకున్నాడు. "నిజమే బిడ్డా, నా కండ్లే గిట్లయినయ్" అని నాతో అని, కడోదరాలో బట్టలు మడతపెట్టే పనిలో చేరాడు.

తర్వాత ఆ మానిటర్ చెడిపోతే, కొత్తది చూసి రమ్మని సేఠ్ నన్ను పంపాడు. దుకాణంలో నా డిజైన్‌నే మూడు రకాల తెరల మీద పెట్టించాను. వీఏ తెరలో నలుపు చిక్కగా ఉంది కానీ, పక్కకు జరిగితే రంగులు వెలిసినట్టయ్యాయి. ఐపీఎస్‌లో నలుపు కాస్త బూడిదగా ఉన్నా, ఎటు నుంచి చూసినా ఎరుపు ఎరుపే. మూడోది టీఎన్, మా ఆఫీసులో ఉన్న రకం. కూర్చుని చూస్తే బాగానే ఉంది. లేచి నిలబడ్డాను. ఎరుపు పాలిపోయింది. కాకా నిలబడే కదా పని చేసింది అక్కా.

సేఠ్‌కి చెప్పాను. "కాకాను పిలువు" అన్నాడు. కడోదరా వెళ్లి, జరిగింది చెప్పి కాకాను తీసుకొచ్చాను. కొత్తగా కొన్న ఐపీఎస్ తెర ముందు నిలబడి చాలాసేపు చూశాడు.

"ఇది ఎరుపే కదా బిడ్డా?"

"ఎరుపే కాకా. నీ కండ్లకేం కాలే."

"నువ్వు చెప్తున్నవ్ గదా, ఎరుపే అయితది."

ఇంకో రంగు తెరిచాను. అదీ అడిగాడు. ప్రతి రంగూ అడిగాడు. చివరికి మౌస్ మీంచి చెయ్యి తీసేశాడు.

"నాతోని కాదు బిడ్డా. మడత పెట్టుడుల రంగుతోని పని లేదు."

ఆపినా ఆగలేదు, బస్సుకు వెళ్లిపోయాడు.

నా గురించి బెంగపడకు, తింటున్నాను, పడుకుంటున్నాను. చింతకాయ తొక్కు ఈసారి ఎక్కువే పంపు, కాకాకు కూడా ఇస్తాను. అత్తమ్మకు, మామయ్యకు నా దండాలు చెప్పు. పిల్లలకు ముద్దులు.

మీ అందరి దీవెన కోరే
నీ లావణ్య