పెరటి బాత్రూములో వాసన

గాజువాక,
నవంబరు 16, సోమవారం.

చిరంజీవి సౌభాగ్యవతి హరిచందనకు అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ మీ నాన్నా తిని తిరుగుతూనే ఉన్నాం. అక్కడ నువ్వు, అల్లుడు ఉమామహేష్, కడుపులో ఉన్నది, ముగ్గురూ కులాసా అని తలుస్తాను.

నీ ఉత్తరం బుధవారం అందింది. ఫోన్ చేస్తే పక్కన నాన్న ఉంటారని ఉత్తరం రాశానన్నావు. పోస్టుమాన్ ఆ కవరు తెచ్చి మీ నాన్న చేతికే ఇచ్చాడు. పైన నీ దస్తూరీ చూసి ఆయన కాసేపు అటూ ఇటూ తిప్పి, విప్పకుండానే నా చేతిలో పెట్టి, "నీకే రాసింది" అని స్నానానికి పోయారు. నీ తెలివి అంతవరకు పనిచేసింది.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. కాళ్ళ వాపు ఆరో నెలలో కొంచెం ఉంటుంది, కానీ మొహం, చేతులు కూడా ఉబ్బినట్టుంటే ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకి చూపించు. ఇది నా వైద్యం కాదు, సుధారాణి చెప్పింది. ఆవిడెవరో కింద రాస్తాను. చింతకాయ పచ్చడి అడిగావు. తగరపువలసలో మీ మామయ్య చెట్టుకి కాయ ఇంకా ముదరలేదట. నీ ఆకుపచ్చ పట్టుచీర నా బీరువాలోనే భద్రంగా ఉంది. అల్లుడికి చారు పెట్టడం వచ్చిందని రాశావు, సంతోషం, మీ నాన్నకి ముప్పై ఏళ్ళయినా రాలేదు.

ఇక అసలు మాట. పురుటికి ఇక్కడికి రానన్నావు. పొగ కంపు కొట్టే ఇంట్లో పిల్లని పడుకోబెట్టలేనని, రాయపూర్‌లోనే మీ అత్తగారు చూసుకుంటారని రాశావు. తల మీద చెయ్యేసి ఒట్టు పెట్టి తప్పిన మనిషితో మాట్లాడనని కూడా రాశావు. చవితి నుంచి రెండు నెలలు మాట్లాడకుండానే ఉన్నావు కదా, అది కొత్తగా రాయక్కర్లేదు. మొదటి కాన్పు పుట్టింట్లో కాకపోతే నలుగురూ ఏమనుకుంటారన్నది నాకు పెద్ద లెక్కలోది కాదు. నువ్వు ఆయనతో మాట్లాడటం లేదన్నదే నాకు అన్నం సయించనివ్వడం లేదు.

చవితినాడు పెరటి బాత్రూములో వచ్చిన వాసన గురించి, "సిగరెట్ కంపు నాకు తెలుసు, ఇది అంతకన్నా ఘాటు, నాన్న బీడీలకి దిగినట్టున్నారు" అని రాశావు. నీ ముక్కు మంచిదే. ఆ సంగతికి వస్తాను, కొంచెం ఓపిక పట్టు.

మీ నాన్న సిగరెట్లు ఎలా మానారో నీకెవరూ సరిగ్గా చెప్పలేదు. జూలైలో నువ్వు వచ్చి శుభవార్త చెప్పి, ఆయన చెయ్యి తీసి నీ తల మీద పెట్టుకున్నావు. ఒట్టు పెట్టడం నిమిషం పని. ప్లాంటులో క్రేన్ ఎక్కినప్పటి నుంచి రోజుకి పెట్టెన్నర కాల్చిన మనిషి. మర్నాడు షిఫ్టు దిగి ఇంటికొచ్చి, పెరుగన్నంలో ఉప్పు ఎక్కువైందని కంచం తోసేశారు. అందులో నేను ఉప్పే వెయ్యలేదు. ఇలా కాదని ఆయనే ఖాళీ పెట్టె తీసి, దాని మీద అచ్చేసిన నంబరుకి ఫోన్ చేశారు. ఇన్నేళ్ళూ ఆ పెట్టె మీద బొమ్మకి భయపడని మనిషి ఆ రోజు కింద నంబరు చదివారు. అవతల తెలుగులోనే మాట్లాడారు. వాళ్ళు చెప్పగా పెద్దాసుపత్రికి వెళ్తే, అక్కడ పొగ మానిపించేవాళ్ళు, నోరు పీకినప్పుడు నమలమని మందుగమ్ ఇచ్చారు. దాన్ని రెండు సార్లు నమిలి బుగ్గన పెట్టుకోవాలట. ఈయన పిల్లల బబుల్‌గమ్‌లా నమిలేసి సాయంత్రం దాకా వెక్కిళ్ళు పెట్టారు.

మన కాలనీ కమ్యూనిటీ హాల్లో ఆదివారం ఆదివారం ఒక మీటింగు జరుగుతుందని చెప్పింది కూడా అక్కడే. సుధారాణి అని ఆసుపత్రి కౌన్సిలరు, ఆవిడే నడుపుతుంది. పదిమంది దాకా వస్తారు. ఆటోవాళ్ళు, పోర్టువాళ్ళు, అచ్యుతాపురం ఫ్యాక్టరీల వాళ్ళు, ఒక లెక్చరరు. ఉపన్యాసాలేమీ ఉండవు. ఎవరికి ఎప్పుడు చెయ్యి లాగిందో, అప్పుడేం చేశారో చెప్పుకుంటారు, అంతే. ఒక్కొక్కరికి ఒక జోడీని కుదురుస్తుంది. నోరు పీకినప్పుడు కాల్చేముందు ఆ జోడీకి ఫోన్ చెయ్యాలి. మీ నాన్నకి ప్లాంటులో ఆయన విభాగంలోనే పనిచేసే సాయిశంకర్ జోడీ.

"బావా, టీ కొట్టు కాడున్నాను. మనసు లాగేత్తంది."

"అక్కడుండకు బావా. రోడ్డు దాటీ. నానొత్తన్నాను."

ఇదీ వాళ్ళ సంభాషణ, రోజుకి మూడు నాలుగు సార్లు. కొత్తగా పెళ్ళయినవాళ్ళు కూడా అన్ని ఫోన్లు చేసుకోరు. నవ్వుకుంటే నవ్వుకో గానీ, ఆ రోడ్డు దాటడమే ఆయన్ని నిలబెట్టింది. జూలై నుంచి ఈ రోజు వరకు మీ నాన్న ఒక్క సిగరెట్ ముట్టలేదు. బీడీ ముట్టలేదు. నీ ఒట్టు తప్పలేదు.

ఇంట్లోవాళ్ళు ఒకరు తోడు రావాలంటే నేనూ ఆ మీటింగుకి వెళ్ళేదాన్ని. మొదటి రోజు సుధారాణి కాగితం ముందు పెట్టుకుని, "ఇంట్లో ఇంకెవరైనా పొగ తాగుతారా అమ్మా?" అని అడిగింది. "లేదమ్మా" అన్నాను. అబద్ధమాడుతున్నానని నాకు తోచనేలేదు. మీ నాన్న నావైపు చూసి, తలదించుకుని గమ్ నమిలారు.

హరీ, ఆ బాత్రూములో వాసన నాది.

నువ్వు కడుపున పడ్డప్పుడు నాకు వేవిళ్ళతో పాటు పంటి పోటు. మీ నాయనమ్మ ముసలమ్మగారు చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొస నోట్లోకి పెట్టి, "ఇలగ పీల్సు, పోటు లాగేత్తాది" అన్నారు. దాన్ని అడ్డపొగ అంటారు. మన ఊళ్ళవైపు ఆడవాళ్ళలో చాలామందికి ఉన్నదే. నిప్పు లోపలుంటుంది కాబట్టి గాలికి ఆరదు, చంకలో పిల్లకి తగలదు, బయటికి ఎవరికీ కనబడదు. మగవాళ్ళు కాలు మీద కాలేసుకుని కాల్చేది చుట్ట, మాది పంటి మందు. అలాగే అనుకున్నాను, ఇరవై ఏడేళ్ళు. పొద్దున ఆయన డ్యూటీకి వెళ్ళాక ఒకటి, మధ్యాహ్నం అంట్లు తోమాక ఒకటి, పెరటి బాత్రూములో కుళాయి తిప్పి. తరవాత నోట్లో ఒక లవంగం. నా లవంగాల డబ్బా చూసి, అమ్మకి అరుగుదల తక్కువని అల్లుడికి చెప్పావు, గుర్తుందా?

చవితినాడు నువ్వు ఆ బాత్రూములోంచి వచ్చి నడింట్లో నిలబడ్డావు. మీ నాన్న పీట ముందు కూర్చుని పత్రి ఏరుతున్నారు. "నాన్నా, నా మీద ఒట్టేశావు కదా" అన్నావు. ఆయన తలెత్తి నావైపు చూశారు. నేను ఉండ్రాళ్ళ గిన్నెలో గరిటె తిప్పుతూనే ఉన్నాను. "తప్పయిపోనాదమ్మా" అన్నారాయన. నాకు సిగ్గేసింది. కానీ సిగ్గుకన్నా ముందు హమ్మయ్య అనిపించింది. ఆ ఒక్క ముక్క రాయడానికే ఇన్ని కాగితాలు పట్టింది.

అక్టోబరులో మీటింగుకి భీమిలి నుంచి నూకాలు అని ఒకావిడ వచ్చింది. నా పక్కనే కూర్చుంది. నేను కొంగు చాటున లవంగం నోట్లో వేసుకోవడం చూసి చెవిలో అడిగింది.

"ఎన్నాళ్ళ నుంచి వదినా, అడ్డసుట్ట?"

"ఏటది? నాకలాంటివి అలవాటు లేవమ్మా."

"నాను ముప్పై ఏళ్ళు కాల్సినాను. లవంగం సంగతి నాకు తెలీదేటి?"

అని నోరు తెరిచి చూపించింది. అంగిట్లో ఒక ముక్క తీసేసి ప్లేటు పెట్టారు. ఆ ప్లేటు తీస్తే ఆవిడ మాట మనకి అర్థం కాదు. నా అంగిలి మీద రెండేళ్ళుగా నాలుకకి గరుకు తగులుతోంది, కారం తింటే మండుతోంది. ఎవరికీ చెప్పలేదు. నూకాలే నా చెయ్యి పట్టుకుని సుధారాణి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ కాగితం మీద నేను చెప్పిన "లేదు" కొట్టేసి "ఉంది" అని రాయించుకున్నాను.

పళ్ళ డాక్టరు టార్చి వేసి చూశాడు. తెల్లగా మచ్చ, అందులో ఎర్ర చుక్కలు. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపించారు. ఎనిమిది రోజులకి రిపోర్టు వచ్చింది, క్యాన్సరు కాదు. మానేస్తే తగ్గే అవకాశం ఉందట, మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోమన్నాడు. నీకు చెప్పకుండా దాచింది ఇంతే, ఇంకేమీ మిగల్లేదు. రిపోర్టు జిరాక్సు ఇందులోనే పెట్టాను, నమ్మకం కుదరకపోతే అక్కడి డాక్టరుకి చూపించు.

ఇప్పుడు నా జోడీ నూకాలు. మధ్యాహ్నం అంట్ల వేళకి తనే ఫోన్ చేస్తుంది. పందొమ్మిది రోజులు ముట్టలేదు. బుధవారం నీ ఉత్తరం చదివి, మీ నాన్న స్నానం చేసి వచ్చి "కులాసాగా ఉందా అది?" అని అడిగితే, ఉందని చెప్పి పెరట్లోకి పోయి కాల్చేశాను. సాయంత్రం నూకాలుకి చెప్పేశాను. "పందొమ్మిది రోజులు ఎక్కడికీ పోవు వదినా. రేపు మల్లా ఒకటి" అంది. తరవాత, "మీ పాపకి సెప్పీ. దాసుకున్నన్నాళ్ళూ మానలేవు" అంది. ఈ రోజు అయిదో రోజు.

ఈ ఉత్తరం రాస్తున్నట్టు మీ నాన్నకి తెలియదు. తెలిస్తే రాయనివ్వరు. చవితినాటి రాత్రి నిన్ను రైలెక్కించి వచ్చాక, చెయ్యని తప్పు ఎందుకు నెత్తినేసుకున్నారని అడిగాను. చెప్పులు విప్పుతూ అన్నారు: "నా మీద కోపమొత్తే దానికేటి నట్టం? పురుడు పొయ్యాల్సింది నువ్వు. తల్లి మీద కోపమెట్టుకుంటే అది ఎవల కాడికి ఎల్తాది?"

నా కోసం కాదు, నీకు అమ్మ ఉండాలని ఆయన పక్కకి తప్పుకున్నారు. దానికి నేను రెండు నెలలు ఊరుకున్నాను. నువ్వు నా మీద ఎంత కోపం పెట్టుకున్నా న్యాయమే. ఏళ్ళ తరబడి పెట్టుకో. కానీ ఇక్కడికి వచ్చి పెట్టుకో. బాత్రూముకి సున్నం కొట్టించాను, మిగిలిన చుట్టలు నూకాలు ఎదురుగానే నీళ్ళలో వేసేశాను.

ఆయనకి ఒక్కసారి ఫోన్ చెయ్యి. క్షమించమని అడగకు, కంగారుపడతారు. తిన్నావా నాన్నా అని అడుగు, చాలు. డిసెంబరు పదకొండుకి నిన్ను తీసుకురావడానికని దువ్వాడ స్టేషన్ కౌంటర్లో ఎప్పుడో టికెట్ తీసుకున్నారు. నువ్వు రానన్నావని చెప్పినా రద్దు చెయ్యలేదు. చొక్కా మార్చినప్పుడల్లా ఆ టికెట్ తీసి కొత్త చొక్కా జేబులో పెట్టుకుంటున్నారు, ఇదివరకు సిగరెట్ పెట్టె ఉండే జేబులోనే. బండెక్కమని ఆయనకి నువ్వే చెప్పు.

ఇట్లు,
నిన్ను కన్న
అమ్మ ధనలక్ష్మి