పన్నెండో పేరు

ఆగస్టు 4, సోమవారం

ఈరోజు పనులు: రెండు బకెట్ల బట్టలు ఉతికాను. వంటింటి అరలు దులిపి కడిగాను. కిటికీ తెరలు విప్పాను, మళ్ళీ తగిలించడం మిగిలింది. పిల్ల మోకాలికి మూడుసార్లు ఐసు పెట్టాను. ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి, మూడుసార్లు చింపాను.

ఏమండీ,

క్రేను గదిలో ఎండ నేరుగా మొహాన కొడుతోందన్నారు, తలకి గుడ్డ కట్టుకుంటున్నారా? ఈ మాట ఫోనులో అడగొచ్చు కదా అంటారు. ఫోనులో చెప్పలేని సంగతి ఒకటుంది. నేను ఎంత మెల్లగా మాట్లాడినా పక్కగదిలో పిల్లకి వినపడుతుంది. మన గోడల సంగతి మీకు తెలుసు.

మూడు ఆదివారాలుగా మీరు ఒకే మాట అడుగుతున్నారు, "పిచ్చుక ఏది? ఫోనివ్వు" అని. నేనూ ఒకే అబద్ధం చెబుతున్నాను, పరీక్షలకి చదువుకుంటోందని. పరీక్షలేమీ లేవు. అది మీతో మాట్లాడనంటోంది. మీరు చేసిన తప్పేమీ లేదు. చేసింది నేను, పడింది మీ మీద.

మొదట్నుంచీ రాస్తాను. జూన్ నెలాఖరున ప్రాక్టీసులో పైకెగిరి దిగుతుండగా దాని మోకాలు మెలిపడిందనీ, నాలుగు నెలలు బంతి ముట్టుకోకూడదని డాక్టరు అన్నాడనీ మీకు తెలుసు. తెలియనిది ఆ తర్వాతి కథ.

ఏడాదిగా నేను దాని బాస్కెట్‌బాల్ మ్యాచిలు ఒక్కటీ వదలకుండా చూశాను. జట్టులో పన్నెండు మంది. ఆడేది ఐదుగురు, మిగిలినవాళ్ళు బెంచీ మీద. ఎవరైనా అలిసిపోతే బెంచీ మీదివాళ్ళని పంపుతారు. మన పిల్ల వంతు అందరికన్నా ఆఖరున వస్తుంది. నా అలవాటు తెలుసుగా, పుస్తకంలో గీతలు గీసి రాసుకున్నాను. పంతొమ్మిది మ్యాచిల్లో అది కోర్టులో ఉన్నది మొత్తం ముప్పై ఎనిమిది నిమిషాలు. వేసిన పాయింట్లు తొమ్మిది. మిగతా కాలమంతా భుజాన తువ్వాలు వేసుకుని బెంచీ చివర కూర్చోవడమే.

ఈ నెలాఖరున పెద్ద టోర్నమెంటు ఉంది. దానికి పన్నెండు పేర్లు జూలై ఇరవయ్యో తేదీలోపు పంపాలి. వాళ్ళ కోచ్‌ని పిల్లలు ఈల మాస్టారు అంటారు, నిద్రలో కూడా మెళ్ళో ఈల తియ్యడని వాళ్ళ వేళాకోళం. ఆయన మన పిల్ల పేరు అలాగే ఉంచారు. కర్ర పట్టుకుని నడుస్తున్న పిల్ల పేరు! నాకు మొదట సంతోషమే వేసింది.

తర్వాత మోకాలి పట్టీ కోసం మందుల షాపుకి వెళ్ళాను. ఆ షాపావిడ కూతురూ అక్కడే ఆడుతుంది. పన్నెండులో చోటు దొరకని పదమూడోది. పట్టీ పొట్లం కట్టి ఇస్తూ ఆవిడ, "ఏమీ అనుకోకండి వదినా. ఆడలేని పిల్ల చోటు ఆక్రమించేసుకుంటే, కాళ్ళు బాగున్న పిల్ల ఇంట్లో కూర్చోవాలా? జాలికైనా ఒక హద్దుండాలి కదా" అంది. నవ్వుతూనే అంది. ఆ 'జాలి' అన్న మాట ఇంటిదాకా నా వెంట వచ్చింది. ఇంటికొచ్చి పుస్తకం తీశాను. ఆవిడన్నది తప్పని చెప్పడానికి నా పుస్తకంలో ఒక్క అంకె కూడా దొరకలేదు. నా పిల్ల ఎవరి దయమీదో కూర్చుంటోందంటే ఓర్చుకోలేకపోయాను.

మర్నాడు జిరాక్సు షాపులో ఒక కాగితం టైపు చేయించాను. 'మా అమ్మాయి ఆరోగ్యరీత్యా జట్టు నుంచి తప్పిస్తున్నాను' అని. కింద మీ సంతకం పెట్టి మాస్టారికి పంపాను. మీరు దూరపు సైట్లలో ఉన్న ఈ పదకొండేళ్ళలో దాని మార్కుల కాగితాల మీదా, కరెంటు ఆఫీసు అర్జీల మీదా మీ సంతకం పెట్టింది నేనే. అవన్నీ మీకు చెప్పే పెట్టాను. ఇదొక్కటి చెప్పలేదు.

మాస్టారు ఆ కాగితం దానికి చూపించారు. ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడి, "నాన్న రాశాడా?" అంది. "నాన్నకి నీ మోకాలంటే బెంగ" అన్నాను. అందులో అబద్ధం లేదు. నిజమూ లేదు. "నన్నొక్క మాట అడగాల్సింది" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ ఆదివారం నుంచీ మీ ఫోను మోగితే చాలు, స్నానాలగదిలో దూరి తలుపేసుకుంటోంది.

చెబుదామని రోజూ అనుకుంటాను. అన్నం పెడుతూ అనుకుంటాను, ఐసు పెడుతూ అనుకుంటాను. దాని మొహం చూసేసరికి ఇంకేదో మాట ఎత్తుతాను. మీరు తిట్టదలిస్తే తిట్టండి. నేను అడ్డు చెప్పను.

మీ
ఇంటావిడ

ఆగస్టు 13, బుధవారం

పనులు: తెరలు తగిలించాను. ఇస్త్రీ సగంలో ఆగింది. ఎందుకాగిందో కింద రాస్తాను.

ఏమండీ,

ఆదివారం ఫోనులో నా ఉత్తరం అందిందన్నారు. తర్వాత "దానికి చెప్పావా?" అన్నారు. లేదన్నాను. "చెప్పు" అని పెట్టేశారు. అంతకన్నా నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

సోమవారం పొద్దున పిల్ల కాలి వ్యాయామానికి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు జట్టు కెప్టెన్ వచ్చింది. పిల్లలు నిచ్చెన అని పిలిచే అమ్మాయి. తల వంచి గుమ్మం దాటి, కుర్చీలో కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలాయి.

"ఆంటీ, అంకుల్ ఎప్పుడొస్తారు?"

"డిసెంబర్లోనమ్మా. ఏం పని?"

"కాళ్ళు పట్టుకుందామని. డిసెంబరైతే లాభం లేదులెండి. ఫోన్ నంబరివ్వండి, ఫోనులోనే పట్టుకుంటాను."

"అది ఎలాగూ ఆడలేదు కదమ్మా" అన్నాను.

"ఆడేది మేము ఆంటీ. మమ్మల్ని తయారుచేసేది అది." అని చెప్పుకొచ్చింది. ప్రాక్టీసులో ఈ ఐదుగురూ ఒకవైపు, బెంచీ పిల్లలు ఐదుగురూ ఇంకోవైపు ఆడతారట. వచ్చే మ్యాచి ఎవరితోనో బెంచీ పిల్లలు వాళ్ళలాగే ఆడి చూపించాలట. "మీ అమ్మాయి వాళ్ళ మ్యాచికి వెళ్ళి ఒకమ్మాయిని కళ్ళార్పకుండా చూసొస్తుంది. ఆ పిల్ల ఎడమచేతి వాటమైతే ఇదీ ఎడమచేత్తోనే ఆడుతుంది. ఆ పిల్ల మోచేత్తో పొడిస్తే ఇదీ పొడుస్తుంది. నా పక్కటెముకల్ని అడగండి! మ్యాచి రోజు అసలు మనిషి ఎదురొస్తే, 'ఓస్, నువ్వేనా' అనిపిస్తుంది."

"మరి కాలు దెబ్బతిన్నాక?"

"కుర్చీ వేసుకుని చూసేది. ఎవరికి ఆయాసం వస్తోందో వాళ్ళకన్నా ముందు దానికి తెలుస్తుంది. పోయిన నెల మొదట్లో నేను రెండు ఉచిత షాట్లు పోగొట్టి మ్యాచి ఓడగొట్టాను. ఎవరూ అడ్డురాని షాట్లు ఆంటీ, చిన్నపిల్లలు కూడా వేస్తారు. బస్సులో ఒక్కరూ నా పక్కన కూర్చోలేదు. ఇది కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి కూర్చుంది. ఇక జన్మలో ఆడనని ఏడుస్తుంటే ఏమందో తెలుసా? 'సరే, నీకు అక్కర్లేకపోతే ఆ మోకాళ్ళు నాకిచ్చెయ్. పొడుగైతే కత్తిరించుకుంటాలే.' ఏడుస్తూనే నవ్వేశాను."

ఆ పిల్ల నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు. మన ఇంట్లో పదిహేడేళ్ళుగా తిరుగుతున్న మనిషి గురించి పరాయి పిల్ల నాకు చెబుతోంది.

నిన్న ప్రాక్టీసు చూడడానికి వెళ్ళాను. ఎవరికీ కనపడకుండా పై మెట్టు మీద కూర్చున్నాను. కాసేపటికి ఒకటి గమనించాను. బంతి చేజారినప్పుడల్లా, ఎవరైనా కిందపడినప్పుడల్లా, వాళ్ళలో ఒకరు బెంచీ చివరికి చూస్తున్నారు. అక్కడ మందుల షాపావిడ కూతురు గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుని ఉంది. చూసింది ఆ పిల్లని కాదు. చూసి, గుర్తొచ్చి, తల తిప్పేసుకుంటున్నారు. పుస్తకం తీసి గీతలు పెట్టాను. గంటలో నలభై ఒక్కసార్లు. ఆ ముప్పై ఎనిమిది నిమిషాల పక్కన ఈ నలభై ఒకటి రాసుకున్నాను.

అందరూ వెళ్ళాక మాస్టారి దగ్గరికి వెళ్ళి, ఆ సంతకం నాదని చెప్పాను. ఆయన మెళ్ళో ఈల తీసి జేబులో పెట్టుకున్నారు.

"ఆ కాగితం చూపించినప్పుడు మీ పిల్ల ఏమందో తెలుసామ్మా? 'మా నాన్న అన్నాడంటే ఏదో కారణం ఉంటుంది సార్' అంది. నా ముందు ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు."

మీ మీద అంత కోపంలోనూ పరాయివాళ్ళ ముందు మిమ్మల్ని వెనకేసుకొచ్చిందండీ.

"మాస్టారూ, దాని పేరు జాలితో ఉంచారా?" అని అడిగాను. అది తేల్చుకోకపోతే నాకు తిండి సయించేలా లేదు.

"జాలా? నా చేతిలో ఉన్నవి పన్నెండు పేర్లమ్మా. ఒకటి జాలికి పారేసేంత పెద్ద జట్టు కాదు నాది."

పేరు మళ్ళీ చేర్చడం కుదరదట. జాబితా వెళ్ళిపోయింది, ఆ చోటు మందుల షాపావిడ కూతురికి వచ్చింది. కాకపోతే జట్టు సహాయకురాలిగా అనుమతి తీసుకుంటే బెంచీ మీద కూర్చోవచ్చట. దానికి తల్లో తండ్రో సంతకం చేయాలి. "మీరే పెట్టెయ్యండి" అని కలమిచ్చారు. నేను పుచ్చుకోలేదు. తండ్రి సంతకంతో తీశారు, తండ్రి సంతకంతోనే కూర్చోబెట్టండి అన్నాను. ఆ కాగితం ఈ ఉత్తరంతో పెడుతున్నాను. మీరే సంతకం చేసి వెంటనే పంపండి. నా చెయ్యి దాని మీద పడదు.

ఇవాళ ఇస్త్రీ చేస్తూ పిల్లకి చెప్పేశాను. దాని చొక్కా మీద పెట్టెను అలాగే ఉంచేసి చెప్పానని వాసన వచ్చేదాకా తెలియలేదు. అది పెట్టె తీసి పక్కన పెట్టింది. "ఇన్నాళ్ళూ నాన్నని ఎన్ని తిట్టుకున్నానో నీకు తెలుసా? ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని మాట్లాడను?" అంది. నన్ను ఒక్క మాట అనలేదు. అనే విలువ కూడా లేనట్టు గదిలోకి వెళ్ళిపోయింది. ఆదివారం అది ఫోను దగ్గరికి రాకపోతే ఈసారి సిగ్గుతో అని తెలుసుకోండి.

మీ
ఇంటావిడ

సెప్టెంబరు 1, సోమవారం

పనులు: పక్కబట్టలన్నీ ఉతికాను. పిల్లకి ఐసు ఒక్కసారే. ఇక కర్ర అవసరం లేదని డాక్టరన్నాడు.

ఏమండీ,

మీ కాగితం ఇరవైరెండున అందింది. అదే రోజు పిల్లని వెంటబెట్టుకుని క్రీడల ఆఫీసుకి వెళ్ళాను. వెంటబెట్టుకుని అన్నానే గాని, నాతో మాట్లాడి అప్పటికి తొమ్మిది రోజులు. బస్సులో ముందు సీటులో అది, వెనక సీటులో నేను.

గుమస్తా ఫైలు తీసి, మీ సంతకాన్ని పాత కాగితాల పక్కన పెట్టి అటూ ఇటూ చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. "ఇది కలవడం లేదమ్మా. ఇదెవరో దొంగ సంతకం పెట్టినట్టుంది" అన్నాడు. పాతవన్నీ నావి కదా! నేను నోరు తెరిచేలోపే మీ పిచ్చుక బల్ల మీదకి వంగి, "సార్, దొంగవన్నీ మీ ఫైల్లోనే ఉన్నాయి. అసలుది ఇదొక్కటే" అంది. అని పకపకా నవ్వింది. ఈల మాస్టారొచ్చి హామీ రాస్తే గాని అతను ముద్ర వెయ్యలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా పక్కన కూర్చుని, "నాన్న సంతకం నాన్నకన్నా నువ్వే బాగా పెడతావే అమ్మా" అంది. క్షమించిందని కాదు. మాట్లాడింది, అంతే. నాకు అది చాలు.

టోర్నమెంటు మూడు రోజులు జరిగింది. సెమీఫైనల్లో నాలుగు పాయింట్ల తేడాతో ఓడిపోయారు. అందులో ఒక సంగతి మీకు చెప్పాలి. మూడో భాగంలో నిచ్చెనకి ఫౌళ్ళు ఎక్కువై బయటికి పంపేశారు. ఆ చోటులోకి మందుల షాపావిడ కూతుర్ని లేపారు. ఆ పిల్లకి కంగారులో జాకెట్ జిప్పు కూడా రాలేదు. మన పిల్ల లేచి నిలబడి, జిప్పు లాగి, చెవిలో ఏదో చెప్పి, వీపు మీద ఒక్కటి చరిచింది. ఆ పిల్ల వెళ్ళి ఎదుటివాళ్ళ చేతిలోంచి రెండుసార్లు బంతి లాక్కుంది. నా పక్కనే కూర్చున్న షాపావిడ "వదినా" అని నా చెయ్యి పట్టుకుంది. నేనూ విడిపించుకోలేదు.

"ఏం చెప్పావే?" అని తర్వాత అడిగాను. "ఆ ఐదో నంబరు కుడికి చూసి ఎడమకి పోతుంది, దాని కళ్ళు చూడకు, నడుము చూడు అన్నాను" అంది. అంతకుముందు రోజు మధ్యాహ్నమంతా ఆ ఐదో నంబరునే చూసిందట.

ఓడిపోయాక ఆడినవాళ్ళకన్నా ఎక్కువగా ఏడ్చింది. ఆడనిదానివి నీకెందుకే అంత ఏడుపు అని నేను అడగలేదు. జూలైలో అయితే అడిగేదాన్నే. ఈ మూడు రోజులూ పుస్తకం ఇంట్లోనే వదిలి వెళ్ళాను.

ఇక నిన్న ఆదివారం. పొద్దున్నించీ అది ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఒక్క మోతకే ఎత్తి "నాన్నా" అంది. నేను వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి, గిన్నెలు చప్పుడయ్యేలా కడిగాను. మన గోడలకి ఆ మాత్రం సాయం కావాలి. మీరిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. అడగను కూడా. మధ్యలో ఒకసారి ఏడుపూ, రెండుసార్లు నవ్వూ గిన్నెల మోత దాటి వినపడ్డాయి, నా తప్పు కాదు. మామూలుగా మీ ఇద్దరి మాటలూ పదిహేను నిమిషాలు దాటవు. నిన్న గంటన్నర పైనే అయ్యింది. అది ఫోను పెట్టేసి వంటింట్లోకి వచ్చి, తువ్వాలు తీసుకుని, నేను కడిగిన గిన్నెలు ఒక్కొక్కటీ తుడిచింది.

అది పడుకున్నాక పుస్తకం తీసి రాసుకున్నాను. మీకూ తెలియాలని ఇక్కడ ఎక్కిస్తున్నాను.

మీ
ఇంటావిడ

నాన్నకి కూతురు బాకీ పడ్డవి, నా మూలంగా: ఆరు ఆదివారాలు, పదిహేనేసి నిమిషాలు, మొత్తం తొంభై.
ఆగస్టు 31న తీర్చినవి: తొంభై ఏడు.
చెల్లు.