ఆకుపచ్చ ఇంజను డ్రైవరు

అన్నయ్యకు,

తమ్ముడు దణ్ణం పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేనూ, మీ మరదలూ కులాసా, దాని మోకాళ్లు తప్ప. అక్కడ నువ్వూ, అమ్మాయీ, అల్లుడూ, పిల్లలూ బాగున్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. చేతి రాత చూడగానే అమ్మాయి రాసిందని తెలిసింది. ఒకచోట "ఇక్కడ నాన్న నవ్వారు, బాబాయ్" అని పక్కన రాసింది. ఈ ఉత్తరం నీకు చదివి వినిపించేదీ అదే కదా. అమ్మాయీ, ఏదీ దాటేయకుండా చదువు తల్లీ.

చాలా అడిగావు. నాకు రాయడం చేతకాదు. వచ్చినట్టు చెబుతాను.

ఇంజను వచ్చిన మాట నిజం. నువ్వు రిటైరయ్యేదాకా నడిపిన ఆకుపచ్చదే. పాత రైళ్ల సంఘం వాళ్లు తుక్కు యార్డు నుంచి దాన్నీ, మన పెట్టెలు నాలుగింటినీ తెచ్చుకున్నారు, టిక్కెట్టు పెట్టి జనాన్ని ఎక్కించి తిప్పుతారట. సంఘానికి పెద్ద ఒక పళ్ల డాక్టరు. నీ ఇంజను ఏ ఏడు ఏ రంగులో ఉండేదో నాకు తెలియనివి కూడా ఆయనే చెబుతాడు. నేను పొద్దున్నే వెళ్లి పెట్టెలు కడుగుతున్నాను. ఎవరూ పిలవలేదు. బకెట్టు పట్టుకుని నిలబడితే దారి ఇచ్చారు.

పెట్టెలు బాగున్నాయి. కిటికీల చెక్క రెక్కలు ఇంకా దడాల్న పడుతున్నాయి. పిల్లలు వేళ్లు పెట్టి ఏడ్చే ఆ కిటికీలే. ఇత్తడి కొక్కేలు తోమితే మెరిశాయి. సీట్ల కింద చెయ్యి పెడితే ఎప్పటిదో వేరుశెనగ పొట్టు తగిలింది. ఇప్పటి రైళ్లకి కిటికీ తెరుచుకోదు, తలుపు తనంతట తనే మూసుకుంటుంది, లోపల ఆస్పత్రి వాసన. ఆ రోజులే వేరు. మన బండి వస్తుంటే పొగా లేదు, మసీ లేదు. ముందు పైన కరెంటు తీగ సన్నగా పాడేది, ఆ వెనక నువ్వు. చలికాలం పొద్దున తీగకి మంచు పడితే నీలం మెరుపులు రాలేవి. జనం టిక్కెట్ల వరస వదిలేసి మరీ చూసేవాళ్లు.

ఇంజను ఇంకా మూలుగుతోందా అని అడిగావు. లేదు. దాని కడుపులో ఏమీ లేదన్నయ్యా. మోటార్లు, రాగి తీగ అంతా తుక్కువాళ్లు పీకేసుకున్నారు. లోపల నిలబడి దగ్గితే గుహలో దగ్గినట్టుంది. డాక్టరు అక్కడొక లౌడ్‌స్పీకరు పెట్టించాడు. అందులో వచ్చే మూలుగు వేరే ఏదో ఇంజనుది. పైన తీగ కూడా లేదు. వెనకనుంచి డీజిల్ ఇంజను తోస్తుంది. అది కనపడకుండా చివరి పెట్టెకి జెండాలు కట్టారు.

ఇక ప్రారంభం రోజు నువ్వు వచ్చి హారన్ కొట్టే సంగతి. కొత్త చొక్కా కుట్టించుకున్నానని, కర్రతో గుమ్మం దాకా నడుస్తున్నానని రాశావు. సంఘం వాళ్లు అడిగిన ఫొటో కూడా పంపావు. దాన్ని డాక్టరు చేతికే ఇచ్చాను. పళ్ల డాక్టరు కదా, ముందు నోరే చూశాడు. ఫొటోలు తీసే ఆవిడ కూడా వంగి చూసింది.

"అయ్యో, మూతి ఇలా పోయిందేంటండీ?"

"పక్షవాతం అండీ. మాట బాగానే వస్తుంది. కర్ర ఉంటే నిలబడతాడు" అన్నాను.

"మరి హారన్ దగ్గర ఫొటో తీస్తే ఇదే పడుతుంది కదా, డాక్టరుగారూ."

ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడు. "జనం టిక్కెట్టు కొనుక్కుని వచ్చేది వాళ్ల చిన్నతనం చూసుకోడానికమ్మా. ఈయన ముసలితనం చూడ్డానికి కాదు" అన్నాడు. చెడ్డవాడు కాదన్నయ్యా. మెత్తగానే అన్నాడు.

అమ్మాయీ, ఆగకు. చదువు.

నువ్వు ఇంజను కిటికీలోంచి వంగి నవ్వుతున్న పాత ఫొటో ఒకటి గోడంత చేసి పెట్టారు. ఆవిడ దాన్ని చూసింది, బకెట్టు పట్టుకున్న నన్ను చూసింది.

"ఏవండీ, ఒకసారి పక్కకి తిరగండి. అబ్బ, ముక్కు అచ్చం అదే!"

"నేను పెట్టెలు కడిగేవాణ్ణండీ."

"అది మీరు చెబితే కదా తెలిసేది!"

"నాకు నడపడం రాదు."

"అదీ నడవదు లెండి" అన్నాడు డాక్టరు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అలా నీ బదులు ఎక్కాను. అన్నేళ్లు ఆ బండి కడిగినా ఇంజనులోకి ఎక్కడం ఇదే మొదలు. ఒక్కసారి ఎక్కించుకోమని ఒకప్పుడు నిన్ను అడిగాను. "పోరా తడిగుడ్డా, నీ చుక్కలు పడితే కరెంటు కొట్టి ఇద్దరం మాడతాం" అన్నావు, ప్లాట్‌ఫారం నిండా జనం ఉండగా. సరదాకే అన్నావు. ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా స్టేషను మాస్టరు కూడా నన్ను తడిగుడ్డ అనే పిలిచాడు. మీ మరదల్ని తడిగుడ్డ పెళ్లాం అన్నారు. నీ సీటు తోలు పగిలింది గానీ, నువ్వు కూర్చున్న పల్లం అలాగే ఉంది. నాకు సరిపోయింది.

గేటు దగ్గర రోజూ నీకు గొడుగు ఊపే ఆవిడ బతికే ఉందా, వస్తే నా పేరు చెప్పు అని రాశావు. మొన్న రిహార్సలుకి వచ్చింది. కోడలు చెయ్యి పట్టుకుని నడిపించింది. నేను నీ సీట్లో ఉన్నాను. కిటికీ కింద నిలబడి, "ఈ బాబేనా?" అంది. అవునంది కోడలు.

"మా ఆయన చనిపోయిన ఏడు, బాబూ, పట్టాల మీద పడుకుందామనే ఆ గేటు దగ్గరికి వచ్చాను. నువ్వు నాకోసమని చిన్నగా ఒక హారన్ కొట్టావు. మర్నాడూ కొట్టావు. అది వినడానికే బతికి, మిల్లుకి పోయి, పిల్లల్ని పెంచుకున్నాను. గుర్తున్నానా?"

మా అన్నయ్యండీ అనే మాట నోటిదాకా వచ్చింది. "గుర్తున్నారమ్మా" అన్నాను. నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకి అద్దుకుంది. ఎంతసేపటికీ వదల్లేదు.

నేను నోరు లేనివాణ్ణని నీకు తెలుసు. కానీ ఆ వేళ నోరు లేక ఊరుకోలేదు. నాకు బాగుంది, అందుకని ఊరుకున్నాను. నన్ను ఎవరూ అలా పట్టుకోలేదన్నయ్యా.

ఇంటికి వచ్చి చెబితే మీ మరదలు గిన్నె తోముతున్నదల్లా ఆపింది. "బావగారికి ఇప్పుడేం రాస్తారు? వాయిదా పడిందని రాయండి. ఈ వయసులో ఆయన గుండె కోయడం దేనికి?" అంది. వాయిదా అంటే నువ్వు తర్వాతి నెల బయలుదేరతావు. అందుకే ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. రావద్దు. వస్తే జెండాలు కట్టిన చివరి పెట్టె పక్కన కుర్చీ వేస్తామన్నారు. అక్కడికి ఇంజను కనపడదు. గొడుగు ఆవిడ మళ్లీ వస్తుంది, ముందు వరసలో కూర్చుంటుంది. ఇద్దరం ఒకచోట ఉంటే నాకు ఇబ్బంది. టిక్కెట్టు రద్దు చేయించుకో. కొత్త చొక్కా ఇంట్లో వేసుకో.

ఇంకొక్క మాట. నాకు వాళ్లు కుట్టించిన డ్రైవరు కోటు సరిపోయింది గానీ, టోపీ చెవుల మీదికి జారుతోంది. నీది నీ రేకుపెట్టెలో ఉంటుంది. అమ్మాయి చేత శుక్రవారం లోపు అందేట్టు పార్సిలు చేయించు. నొక్కుకుపోకుండా లోపల గుడ్డలు కుక్కమను. ఉతకవద్దని గట్టిగా చెప్పు. లోపలి పట్టీకి నీ చెమట మరక ఉంటే అసలైనదిలా ఉంటుందని ఫొటోల ఆవిడ అంది.

ఇట్లు,
నీ తోడబుట్టిన తమ్ముడు