తుమ్ముల డిటెక్టివ్‌కు జలుబు చేసిన క్రిస్మస్

నిమ్‌పురా,
ఖరగ్‌పూర్.

నాన్నకు,

మీనాకుమారి నమస్కారాలు. ఇక్కడ నేనూ, పిల్లీ, పక్కింటి సూసన్న పిన్ని వాళ్లూ బాగున్నాం. అక్కడ బొబ్బిలిలో నువ్వూ నూకాలత్తా బాగున్నారని తలుస్తాను. నీ తుంటి సంగతి కింద రాస్తాను.

వీడియో కాల్‌లో నువ్వు వేళ్లు తిప్పుతావు, నేను చేతులు ఊపుతాను, మధ్యలో అత్త వచ్చి "అన్నం తిన్నావేటే?" అంటుంది. అంతటితో సరి. రైల్వే బాయిలర్ షాపు నీ చెవులు తినేసింది గాని కళ్లు తినలేదు. అందుకే ఉత్తరం. ఓపిగ్గా చదువు.

పనిలో ఇంకా పోట్లాడుతున్నావా అని అడిగావు. పోట్లాడుతున్నాను. వీడియోలు చూసి టోటో బ్యాటరీ రిక్షాల మోటార్లు విప్పే ఆడపిల్ల అని మేస్త్రీ వెక్కిరిస్తే నవ్వి ఊరుకోమంటావా?

బొబ్బిలిలో ఆ బెంగాలీ ఛానెల్ రాదు, తుమ్ముల డిటెక్టివ్ క్రిస్మస్ ఎపిసోడ్‌లో దొంగెవరో విడమరిచి రాయమన్నావు. రాద్దామనే పిన్ని ఇంట్లో కళ్లార్పకుండా చూశాను. చూశాక నా బుర్రే తిరిగిపోయింది. మన డిటెక్టివ్ ఎదుటివాడు అబద్ధమాడితే తుమ్ముతాడు కదా. ఎవరైనా తుమ్మితే మనవాళ్లు బయల్దేరడం మానేస్తారు, ఆయన తుమ్మాకే బయల్దేరతాడు. మాటలు వినపడకపోయినా నువ్వు దొంగను పట్టేది ఆ తుమ్ముతోనే. ఈసారి ఆయనకు జలుబు చేసింది!

చర్చి గోపురం మీది నక్షత్రం పోయింది. ఫాదర్‌ను అడిగితే తుమ్ము. కేకులవాణ్ని అడిగితే తుమ్ము. గోడ పక్కన మేక అరిచినా తుమ్మాడు. ఏది అబద్ధం, ఏది జలుబు? పిన్ని నవ్వలేక నేల మీద కూలబడింది. నాకు ఒళ్లు మండింది.

చివరికి తేలిందేమిటంటే, చర్చి ఊడ్చే ముసలమ్మే తీసి దాచింది. నక్షత్రం లోపల వైరు కాలుతోంది. చెబితే, దాన్ని బిగించిన మనవడికి చీవాట్లు, అందరికీ పండగ పాడు. అందుకని నోరు మూసుకుంది. ఊరంతా ఒకరినొకరు దొంగ అనుకుంటుంటే చూస్తూ కూర్చుంది. డిటెక్టివ్ ఏం చేశాడనుకున్నావు? పండగ పూట దొంగలుండరని చెప్పి ముసలమ్మకు కేకు తినిపించాడు!

నేను టీవీ మీదే అరిచాను. "వైరు కాల్తోందని ముందే సెప్పొచ్చు గదే ముసలీ!"

"ఊరుకోయే," అంది పిన్ని. "దాని మనసు మంచిది. మంచికాడిన అబద్దం అబద్దమేటి?"

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకో కింద తెలుస్తుంది.

నీ క్రిస్మస్ తాత ఎర్ర కోటు ఎవరికీ ఇవ్వలేదు కదా అని అడిగావు. ఇచ్చారు నాన్నా. నాకే ఇచ్చారు. క్యారల్స్ బయల్దేరే ముందు పిన్ని, ఆవిడ కొడుకు ఏబెల్ కోటు పట్టుకుని వచ్చారు.

"జగ్గారావన్నయ్య కోటు బయటోడికి ఇవ్వలేం. నువ్వే ఏసుకో," అంది పిన్ని.

"నాను గెంతే మనిసినేటి?"

"మీ నాన్నేటి, గెంతడానికే పుట్నాడా? దేవుడి పటానికి దండమెట్టి వచ్చి మా క్రిస్మస్ తాత అవనేదా?"

బాగా తిట్టాను. ఆ తర్వాత వేసుకున్నాను. పొట్టకు తలగడ కట్టి, నీలాగే ఉండాలని చెవుల్లో దూది కుక్కుకున్నాను. చెవిటివాడు తాళం తప్పకుండా ఎలా ఆడతాడని మన క్వార్టర్ల లైన్లో అందరూ వింతపోయేవారు కదా, నాకిప్పుడు తెలిసింది. ఏబెల్ డ్రమ్ము కొడితే నేల చెప్పింది. పిల్లలు చుట్టూ చేరి, నువ్వు నేర్పిన క్రేన్ సైగ చేశారు, పైకెత్తమని వేలు పైకి పెట్టి గిర్రున తిప్పడం. ఒక్కొక్కణ్ని ఎత్తలేక నా నడుం విరిగింది.

ప్రతి ఇంటి ముందూ ఒకటే మాట. "వచ్చే ఏడు జగ్గారావే ఆడతాడులే!" అన్నవాళ్లందరికీ నిజం తెలుసు. ఆ డిటెక్టివ్ మన లైన్లో నిలబడి ఉంటే జలుబు లేకపోయినా తుమ్మి తుమ్మి చచ్చేవాడు. వాళ్ల మీద కోపమో, ప్రేమో, నా మీదే అసహ్యమో తెలియలేదు. ముసుగు లోపల ఏడ్చాను. పత్తి గెడ్డం తడిసింది.

చేతికర్ర ఎప్పుడు తీస్తారు, అత్త సరిగ్గా చెప్పడం లేదు అని రాశావు. అత్త నాకు ఫోన్లో ఏమందో విను. "నానేటీ సెప్పనేదు ఆడికి. ఎండలు రాగానే కర్ర పారీయొచ్చన్నాను. నువ్వూ అలాగే రాయి, తల్లీ."

నేను రాయను. కర్ర తీయరు నాన్నా. ఎముక సరిగ్గా అతకలేదు. నడవొచ్చు గాని గెంతకూడదు, మళ్లీ పడితే లేవడు అన్నాడు డాక్టరు. నువ్వు ఆసుపత్రిలో ఉన్నప్పటి నుంచీ మా ఇద్దరికీ తెలుసు. అత్త మీద కేకలేయకు, నీ కోసం పూజగదిలో ఏడుస్తోంది. ఇది చెప్పడం మంచో చెడో నాకు ఇప్పటికీ అర్థం కావడం లేదు. ఆ ముసలమ్మకు కేకు పెట్టడం తప్పో ఒప్పో కూడా తెలియదు. కాలుతున్న వైరును దాచడం మాత్రం నాకు చేతకాదు. అది నా పని కాదు.

ఇంకొక్క మాట. మా షాపులో ఎవరికీ అక్కర్లేని టోటో ఒకటి పడుంది. దాని వెనక సీటు పీకి కుర్చీ బిగించాను. ఏబెల్ చేత డ్రమ్ము నేలరేకు మీద పెట్టి కొట్టించి, చెవుల్లో దూదితో కూర్చున్నాను. మొదట ఏమీ తెలియలేదు. కాళ్ల కింది రబ్బరు మ్యాట్ తీసేశాక తాళం వచ్చింది, మోకాళ్ల దాకా. వచ్చే క్రిస్మస్‌కు కోటు నీది, కుర్చీ నీది. బండి నేను తోలతాను. బండికి కట్టే నక్షత్రానికి వైరింగ్ కూడా నేనే చేస్తాను.

కోపం తగ్గాక వీడియో కాల్ చేయించు. ఇష్టమైతే వేలు పైకి పెట్టి తిప్పు. కాకపోతే అరచెయ్యి అడ్డంగా చాపు, కుర్చీ విప్పేస్తాను. అత్త వెనక నుంచి ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది. నేను నీ చెయ్యే చూస్తాను.

ఇట్లు,
ఈ ఒక్క ఏడాదికే నీ కోటు తొడుక్కున్న కూతురు,
మీనాకుమారి