పోగు తెగిందా?

ఆదివారం, పడుకునే ముందు

ఇవాళ నాయిన వచ్చాడు. పన్నెండేళ్లుగా పంక్, స్కా లాంటి హోరు పాటల బ్యాండ్లలో బేస్ గిటార్ వాయిస్తున్నాను. ఆయన నా షోకి రావడం ఇదే మొదటిసారి. ఫోన్‌లో మా వీడియోలు చూసి ఎప్పుడూ ఒకటే మాట: "అందరి సప్పుడు ఇనబడ్తది గని నీది ఇనబడదు బిడ్డా, గిదేం పని?" ఫోన్ స్పీకర్‌లో బేస్ సరిగా పలకదని ఎన్నిసార్లు చెప్పినా నమ్మడు. ఈ మధ్య నాకూ అదే అనుమానం పట్టుకుంది. మానేసి ఉద్యోగం చూసుకుందామా అని...

హన్మకొండ హాల్లో మూడో పాట మధ్యలో నా గిటార్ కేబుల్ ఊడి, దాని చప్పుడు ఆగిపోయింది. డ్రమ్స్, గిటార్, ట్రంపెట్ మోగుతూనే ఉన్నాయి, జనం గెంతుతూనే ఉన్నారు. ఎవరికీ తెలియలేదు. నేను వంగి కేబుల్ వెతుక్కుంటుంటే, చివరి వరుసలో కూర్చున్న నాయిన అందరినీ తోసుకుంటూ స్టేజీ దగ్గరికి వచ్చేశాడు.

"ఏమైంది బిడ్డా, పోగు తెగిందా?"

కాశిబుగ్గలో మా వాడంతా నేతగాళ్లే. పక్కింటి మగ్గం చప్పుడు ఆగితే గుమ్మంలోకి వచ్చి అడిగే మాట అది. పది మగ్గాలు ఆడుతున్నా ఏది ఆగిందో నాయినకు ఇట్టే తెలిసిపోతుంది.

"లేదు నాయినా, వైరు ఊడింది."

"జల్ది పెట్టు. నీ సప్పుడు లేక అంత బోసిగున్నది."

కేబుల్ మళ్లీ గుచ్చి, పాట అందుకున్నాను.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో, ఇల్లు దగ్గరపడ్డాక, నాయిన బయటికి చూస్తూ అన్నాడు: "ఆ వైరు పాతదైంది. వచ్చే షోకు కొత్తది కొనుక్కో."