వెనకవైపు పోర్టు

అక్కా,

ఆసుపత్రి నుంచి నువ్వు ఫోన్ చేసినప్పుడు బావ ముభావంగా మాట్లాడారని నొచ్చుకోకు. ఆయన ఏళ్ల తరబడి రికార్డు చేసిన పిట్టల కూతలున్న హార్డ్‌డిస్క్ కంప్యూటర్లో కనిపించలేదు. "పోయింది మరదలా. ఆపరేషన్ ముందు మీ అక్కకి చెప్పకు," అని కంచం ముందు నుంచి లేచిపోయారు.

చూస్తే, దాన్ని కీబోర్డుకున్న పోర్టులో పెట్టారు. డిస్క్ తిరగడానికి అక్కడి కరెంటు చాలదు. నేను తీసి కంప్యూటర్ వెనకవైపు పోర్టులో పెట్టాను. కాసేపటికి అన్నీ కనిపించాయి.

బావ వెతికి వెతికి ఒక రికార్డింగు పెట్టారు. అందులో పిట్ట కన్నా నీ గొంతే గట్టిగా ఉంది: "ఇక పదండి, కాళ్లు పీకుతున్నాయి." నీ వల్లే ఆ కూత పాడైందని అప్పట్లో సణిగిన ఆయనే, మళ్లీ మళ్లీ అదే పెట్టుకుని విన్నారు. నేను వంటింట్లోకి వెళ్లిపోయాను.

సాయంత్రం నీ దగ్గరికి వస్తారు. ఏమీ తెలియనట్టు ఉండు.

నీ చెల్లి