బావగారి రాగి నవ్వు

బావగారికి నమస్కారాలు.

మీ చీటీ అందింది. మీ పదవీ విరమణ సభకు మీ బొమ్మ అచ్చువేసి ఇస్తానని ముందుకొచ్చింది నేనే. ఆ పని నేర్చుకోవడం మొదలుపెట్టి రెండు నెలలే అయిందని మాత్రం అప్పుడు చెప్పలేదు.

ముందు చెక్క మీద మీ మీసాన్ని ఎంతో శ్రద్ధగా చెక్కాను. చెక్కేసిన చోట సిరా అంటదట, మీసం తెల్లగా పడింది. అందుకని రాగిరేకుకు మారాను. దాని మీద గీసిన గీతే సిరా పట్టుకుంటుంది. పెదవి గీస్తుంటే సూది జారింది. మీకు పంపిన అచ్చులో అందుకే మీరు నవ్వుతున్నారు.

"ముప్పయ్యేళ్ళు నవ్వనివాణ్ణి, ఇప్పుడు నవ్వితే ఉద్యోగం వదిలిందని సంబరపడుతున్నాననుకోరూ? వెంటనే చెరిపెయ్!" అని రాశారు.

గీకి, నున్నగా రుద్దితే పోతుందని మా మాస్టారు చెప్పారు. కానీ అక్కయ్య ఆ అచ్చును చాలాసేపు చూసింది. "ఇన్నేళ్ళ కాపురంలో ఈయన్ని ఇలా చూడటం ఇదే మొదటిసారిరా" అంటూ రేకును బీరువాలో పెట్టి తాళం వేసుకుంది.

తాళంచెవి నేనడిగితే ఇవ్వలేదు. మీరే అడగండి, కాస్త నవ్వుతూ.

ఇట్లు,
మీ బావమరిది